పదమూడు క్రోసుల దుంప

జపాను దేశంలో టోక్యో నగరానికి వాయవ్య దిశలో కవాగోయె అని ఒక పాత వూరు వుంది. కాల్చిన చిలగడదుంపలకు పేరుపడ్డ వూరు అది. ఆ దుంపల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అక్కడివారు ఒక మాట చెబుతారు: ‘కురి యోరి ఉమాయి జూసన్‌రి.’ ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పుకుంటే, ‘కురికంటె రుచి, పదమూడు క్రోసులు’ అని అర్థం. రుచికీ క్రోసులకూ ఏమిటి సంబంధం అని ఎవరికైనా అనుమానం రావలసిందే.

కాని తెలుగు పాఠం చెప్పుకుని బ్రతికే నాబోటివారికి ఇందులో శ్లేష వాసన తగలక మానదు. కురి అనేది అక్కడి కొండల్లో చెట్లకు కాసే ఒక గింజ. దాన్ని కాల్చుకు తింటారు. రుచి ఇంచుమించు మన కాల్చిన పనసగింజలా వుంటుంది. ‘యోరి’ అంటే ‘కంటె’. ఇది ఒక అర్థం. ఇక రెండోది చూడండి. ‘రి’ అనేది వాళ్ళ పాతకాలపు క్రోసు. ఇప్పటి కొలతలో నాలుగు కిలోమీటర్లకు ఒక పిసరు తక్కువ. ‘కు’ అంటే తొమ్మిది. ‘యో’ అంటే నాలుగు. కాబట్టి ‘కురి’ తొమ్మిది క్రోసులు, ‘యోరి’ నాలుగు క్రోసులు, వెరసి పదమూడు. టోక్యో నగరానికి పూర్వం ఎడో అని పేరు. ఎడో నుంచి కవాగోయెకు దూరం పదమూడు క్రోసులని జనం చెప్పుకునే లెక్క. అంటే, ‘కురి గింజకంటె రుచి అయినది, పదమూడు క్రోసుల అవతలి మా వూరి దుంప’ అని ఒక్క ముక్కలో చెప్పేశారన్నమాట.

దీనికి ముందు ఇంకో మాట వుండేది. ‘హచిరిహన్’, అంటే ఎనిమిదిన్నర క్రోసులు. కురి తొమ్మిది అయితే మా దుంప దానికి అర క్రోసు మాత్రమే తక్కువ అని వినయంగా చెప్పుకున్న వ్యాపారి ఒకడు. ఆ తరువాత వచ్చినవాడికి అంత వినయం అక్కరలేకపోయింది. పింగళి సూరన ఒకే కావ్యంలో రామాయణాన్నీ భారతాన్నీ కలిపి చెప్పాడని ఏటేటా క్లాసులో చెబుతూనే వుంటాను. దుంపలమ్ముకునేవాడు కూడా ద్వ్యర్థి చెప్పగలడని మాత్రం అక్కడికి వెళ్ళిన తరువాతే తెలిసింది.

మా తమ్ముడు కొన్నేళ్ళుగా టోక్యోలో వుద్యోగం చేస్తున్నాడు. నిషి కసాయి అనే పేటలో కాపురం. అక్కడ మన దేశంవారు చాలామంది వున్నారు. వీధిలో నడుస్తూ వుంటే తెలుగు మాట చెవిని పడడం వింత కాదు. 2024 దసరా సెలవులకు నేను వాళ్ళింటికి వెళ్ళాను. దసరా పండుగ శనివారం వచ్చింది. మరునాడు ఆదివారం, అక్టోబరు 13. మా మరదలు పొద్దున్నే వచ్చి, “వదినగారూ, మీరు కాలేజీలో అందరికీ చెప్పుకోవలసిన పండుగ ఒకటి ఇవాళ వుంది. చిలగడదుంపల పండుగ. వస్తారా?” అన్నది. హాస్యమాడుతోందనుకున్నాను. హాస్యం కాదు. పదమూడు క్రోసుల మాటను పురస్కరించుకుని, దుంపలు చేతికి వచ్చే అక్టోబరు నెలలో 13వ తేదీని చిలగడదుంప దినమని 1987లో కవాగోయెవారు పెట్టుకున్నారు. ఆ వూళ్ళో మ్యోజెన్‌జి అనే బౌద్ధాలయంలో దుంప పేరుమీద వెలసిన జిజో బోధిసత్త్వుడు కూడా వున్నాడు. ఆ రోజున అక్కడ దుంపలకు పూజ. ఏడాది పొడుగునా మన కడుపు నింపినందుకు కృతజ్ఞత చెప్పుకోవడం. మనం ఆయుధాలకు పూజ చేసిన మరునాడే వాళ్ళు దుంపలకు చేయడం నాకు ముచ్చటగా తోచింది.

ఇకెబుకురో అనే స్టేషనులో తోబు వారి రైలు ఎక్కితే కవాగోయెకు అరగంట ప్రయాణం. పూర్వం దుంపలు ఇంత సుఖంగా ప్రయాణం చేయలేదు. కవాగోయె పక్కనుంచి పారే షింగాషి నదిలో పడవలమీద ఎడో చేరేవి. బియ్యం, కట్టెలు, బొగ్గు, దుంపలు అన్నిటికీ ఆ పడవలే దిక్కు. మా వూళ్ళో పెద్దవాళ్ళు కాలవలమీద ధాన్యం పడవలు వెళ్ళేవని చెప్పే కబుర్లు జ్ఞాపకం వచ్చాయి.

స్టేషను నుంచి పాత వూళ్ళోకి కొంచెం నడవాలి. కొత్త దుకాణాలన్నీ దాటిన తరువాత వున్నట్టుండి వీధి రూపు మారిపోతుంది. రెండువైపులా నల్లని గోడల ఇళ్ళు. బరువైన పెంకుల కప్పులు. కిటికీ తలుపులే జానెడు మందం. ఈ ఇళ్ళకు ఒక కథ వుంది. 1893లో ఈ వూళ్ళో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మూడోవంతు వూరు బూడిద అయింది. కొయ్య ఇళ్ళన్నీ పోయి, దళసరి మట్టిగోడల కొట్లు మాత్రం కొన్ని నిలబడ్డాయి. 1792లో కట్టిన ఒసావా వారి ఇల్లు వాటిలో ఒకటి. నేటికీ చూడవచ్చు. అది చూసి బుద్ధి తెచ్చుకుని వర్తకులందరూ అటువంటి మట్టిగోడలతోనే మళ్ళీ కట్టుకున్నారు. ఆ వీధి మధ్యలో ఒక సందులోకి తిరిగితే కొయ్యతో కట్టిన గంటస్తంభం. ఎత్తు 16 మీటర్లు. నాలుగు వందల ఏళ్ళ క్రితం మొదట కట్టిందీ, తరువాత కట్టినవీ కాలిపోతే, 1893 ప్రమాదం తరువాత మళ్ళీ నిలబెట్టినది ఇది. ఇప్పటికీ రోజుకు నాలుగుసార్లు, ఉదయం ఆరుకు, మధ్యాహ్నం పన్నెండుకు, మూడుకు, సాయంత్రం ఆరుకు గంట మోగుతుంది.

ఆ వీధిలో దుంప దొరకని దుకాణం లేదంటే అతిశయోక్తి కాదు. దుంప అప్పడాలు, దుంప బిళ్ళలు, దుంప రొట్టె, దుంప ఐస్‌క్రీము. సన్నగా పొడుగ్గా తరిగి వేయించిన దుంప రేకులు కాగితపు గ్లాసులో పూలగుత్తిలా నిలబెట్టి ఇస్తారు. నాకు మాత్రం మనసంతా ఒక చిన్న కొట్టు దగ్గర ఆగిపోయింది. గుమ్మంలో నడుమెత్తు మట్టి కుండ ఒకటి వుంది. మన ధాన్యపు గాదెకు చెల్లెలులా వుంది. అడుగున బొగ్గు నిప్పులు. కుండ అంచు చుట్టూ లోపలివైపు తీగ కొక్కేలు. ఒక్కొక్క కొక్కేనికి ఒక్కొక్క దుంప వేలాడుతోంది. పైన బరువైన మూత. నిప్పు దుంపకు తగలదు. కుండ వేడెక్కుతుంది, కుండలోని గాలి వేడెక్కుతుంది, ఆ వేడికి దుంప నిదానంగా మగ్గుతుంది.

“ఎంతసేపు పడుతుందో అడుగు,” అన్నాను మరదలితో.

ఆమె అడిగింది. కొట్టులోని ముసలావిడ నవ్వి ఏదో చెప్పింది.

“గంట పైనే పడుతుందట, వదినగారూ. నిప్పులు ఇంకాసిని వేస్తే త్వరగా అవుతుంది గదా అంటే, పైన మాడుతుంది, లోపల తీపి రాదు అంటున్నది.”

జపానువారు సమయం విషయంలో నిమిషాలు లెక్కపెట్టే మనుషులు గదా. ఆ కొట్టు ముందు పన్నెండుమంది వరుసలో నిలబడి, ఎవరూ విసుక్కోకుండా ఆ మూత ఎప్పుడు తీస్తారా అని చూస్తున్నారు. మా వంతు వచ్చేసరికి మూడుగంటల గంట మోగింది. కాగితంలో చుట్టి ఇచ్చిన దుంపను రెండుగా విరిచాను. పై తొక్క ఎర్రగా, పలచగా, ఆకులా వూడి వచ్చింది. లోపల పచ్చని బంగారు రంగు. తొక్కకు ఆనుకున్న చోట పాకం కారి జిగటగా వుంది. బెల్లం వేయలేదు, పంచదార వేయలేదు. కవాగోయెవారి శ్లేష అబద్ధం కాదు.

ఈ దుంప జపానుది కాదు. మనదీ కాదు. దీని పుట్టిల్లు మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ప్రాంతాలు. ఐరోపావారి ఓడలెక్కి దేశదేశాలు తిరిగింది. మన దేశానికి పోర్చుగీసువారితో వచ్చింది. చీనాకు పదహారో శతాబ్దం చివర చేరింది. అక్కడి ఫూజియన్ నుంచి 1605లో నోగుని సోకన్ అనే ఆయన ర్యూక్యూ దీవులకు తెచ్చాడు. మరి నూరేళ్ళకు, 1705లో, మయెదా రియెమోన్ అనే సముద్రజీవి ర్యూక్యూ నుంచి జపాను దక్షిణ కొసనున్న సత్సుమ రాజ్యానికి తెచ్చాడు. భాష పాఠం చెప్పేవారికి ఇందులో తమాషా అంతా పేర్లలో వుంది. చీనావారు దీన్ని పరదేశపు దుంప అన్నారు. సత్సుమలో చీనాదుంప అన్నారు. మిగిలిన జపానంతా సత్సుమదుంప అన్నది. ప్రతి వూరూ దీన్ని పొరుగూరి దుంప అనే పిలిచింది. ఎవరూ మాది అనలేదు.

మన సంగతి మాత్రం ఏమిటి? కోస్తాలో చిలగడదుంప. రాయలసీమలో గెనుసుగడ్డ. తెలంగాణలో కందగడ్డ అంటారు, మోరంగడ్డ అంటారు, రత్నపురిగడ్డ అంటారు. కోస్తావారు కంద అంటే బచ్చలితో కలిపి పులుసుపెట్టి వండుకునే దురదకంద అనుకుంటారు. మా కాలేజీలో వరంగల్లు నుంచి వచ్చిన సహాధ్యాపకురాలు, “శివరాత్రి ఉపవాసానికి కందగడ్డలు వుడకబెట్టుకున్నాం,” అంటే, ఇంకొకావిడ బుగ్గలు నొక్కుకుని, “ఉపవాసం వుండి కంద తిన్నారా? గొంతు దురద పెట్టలేదూ?” అని అడిగింది. అర్థం బోధపడిన తరువాత ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

పేరు ఏదైనా, ఈ దుంపను జపానువారు నెత్తిన పెట్టుకున్నది రుచి చూసి కాదు, ఆకలి చూసి. 1732లో పడమటి జపానులో వరిపైరును పురుగు తినేసి ఘోరమైన కరువు వచ్చింది. ఆ సమయంలో ఇవామి ప్రాంతానికి అధికారిగా వున్న ఇదో హెయిజయెమోన్ అనే వృద్ధుడు సత్సుమ నుంచి దుంప విత్తనం తెప్పించి రైతుల చేత నాటించాడు. మరుసటి ఏడే ఆయన చనిపోయాడు. ఆ చుట్టుపట్ల పల్లెల్లో ఆయన పేర రాళ్ళు నిలబెట్టి, ‘దుంపల దొరగారు’ అని నేటికీ తలుచుకుంటారు. ఎడోలో అయోకి కొన్‌యో అనే పండితుడు వుండేవాడు. గ్రంథాలు చదువుకునే మనిషి, నాగలి పట్టినవాడు కాదు. కరువు కాలంలో ఈ దుంప ప్రాణాలు నిలుపుతుందని ఆయన ఒక పుస్తకం రాస్తే, షోగను యోషిమునె దాన్ని చూసి, 1735లో ఆయన చేతనే కొయిషికావా తోటలో దుంపలు నాటించి చూశాడు. పంట పండింది. జనం ఆ పండితుణ్ణి ‘దుంపల పంతులుగారు’ అన్నారు. ఆయనకు అది కోపం తెప్పించలేదు. టోక్యోలో మెగురో దేవాలయం వెనుకనున్న ఆయన సమాధిమీద రాసి వున్నది ఆ పేరే. పంతులుగా బ్రతికినవారికి ఇంతకంటె గొప్ప బిరుదు నాకు తోచదు.

కవాగోయె పక్కపల్లెలకు దుంప 1751లో వచ్చింది. మినామి నగాయి అనే వూరి పెద్ద యోషిదా యయెమోన్ తన కొడుకును కజుసా ప్రాంతానికి పంపి విత్తన దుంపలు తెప్పించాడు. ఆ నేల అంత సారవంతమైనది కాదు. పైన తేలికమట్టి, గాలికి లేచిపోతుంది. నీటి వసతి లేదు. అటువంటి నేలను అంతకు ముందే, 1690ల్లో, కవాగోయె ప్రభువు సేద్యానికి తెప్పించాడు. ఒక్కొక్క కుటుంబానికి బాటవారన ఇల్లు, ఇంటి వెనుక పొడుగాటి చేను, చేను చివర అడవి ముక్క వచ్చేటట్టు పట్టీలు పట్టీలుగా కొలిచి ఇచ్చారు. ఆ పట్టీ వెడల్పు 72 మీటర్లు, పొడుగు 675 మీటర్లు. చలికాలంలో అడవిలో రాలిన ఆకు పోగుచేసి, కుళ్ళబెట్టి, ఎరువు చేసి చేనుకు వేయాలి. మూడువందల ఏళ్ళకు పైగా కొందరు రైతులు ఆ పద్ధతి ఇప్పటికీ విడవలేదు. 2023లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దీన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వాలలో చేర్చింది. ఆకులు ఎరువుగా మారడానికి ఏడాదో రెండేళ్ళో పడుతుంది. ఈ దుంప వ్యవహారంలో తొందర అన్నది మొదటినుంచీ లేదు.

ఆ తొందర లేకపోవడం వెనుక ఒక శాస్త్రరహస్యం వుంది. పచ్చి దుంపలో వున్నదంతా పిండి. తీపి తక్కువ. ఆ పిండిని చక్కెరగా మార్చే ఎంజైము ఒకటి దుంపలోనే వున్నది. వేడి తగిలి పిండి మెత్తబడిన తరువాతగాని అది పనిచేయదు. మరీ వేడెక్కితే అదే చచ్చిపోతుంది. దుంప లోపలి వేడి సుమారు 65 నుంచి 75 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య వున్నంతసేపూ దానికి పని. ఆ మెట్టుమీద ఎంత ఎక్కువసేపు నిలిస్తే అంత తీపి. కుక్కరులో పెట్టినా, మైక్రోవేవులో పెట్టినా దుంప ఆ మెట్టును ఒక్క గంతులో దాటేస్తుంది. మెత్తబడుతుంది, కాని తియ్యనవదు. మన అమ్మమ్మలు ఈ ఎంజైముల పేర్లు వినలేదు. అయినా వంట అయిన తరువాత పొయ్యిలోని కుమ్ములో దుంపలు పూడ్చి, మధ్యాహ్నం పిల్లలు బడినుంచి వచ్చేవేళకు తీసి ఇచ్చేవారు. పిడకల దాలిలో పాలు పొద్దుటినుంచీ కాగి కాగి ఎర్రబడితే ఆ మీగడకు వచ్చే రుచి మనకు తెలియనిది కాదు. ఇదీ ఆ కోవలోదే.

కవాగోయె నుంచి రెండు కిలోల పచ్చి దుంపలు మోసుకుని ఇల్లు చేరాము. మరునాడు సెలవు. ఆ సాయంత్రం మా తమ్ముడింటికి పొరుగువారు భోజనానికి రావలసి వుంది. వృద్ధ దంపతులు. మరదలికి ప్రసవమైనప్పుడు కన్నవాళ్ళలా చూసుకున్నవారు. పులిహోర, పప్పుచారు, వంకాయ కూర అనుకున్నాము. కారం తగ్గించి ఒక పక్కవంటకం కావలసివచ్చింది. “దుంపలు కాల్చి పెడదాము,” అన్నాను. “పెద్దవాళ్ళను పిలిచి దుంపలా?” అని మా తమ్ముడు నసిగాడు. మరదలు నావైపే మాట్లాడింది. ఓవెనులో గంటన్నర కాల్చి, పొడుగ్గా చీల్చి, వెడల్పాటి పళ్ళెంలో పేర్చి, పైన కాసిని నెయ్యి, ఉప్పు, మిరియాల పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం వేశాము. నల్లని పళ్ళెంలో బంగారు రంగు దుంపలు చూడడానికి పెళ్ళివారి విందులా వున్నాయి.

పెద్దాయన వయసు ఎనభై ఏడు. అన్నీ రుచి చూశాడు. పులిహోర మళ్ళీ అడిగాడు. దుంపల పళ్ళెం తనవైపు వచ్చినప్పుడు మాత్రం తల వంచి నమస్కరించి, భార్యకు అందించాడు. ఆమె కొంచెం ఇబ్బందిపడి మా తమ్ముడితో ఏదో అన్నది. వాడు మాకు చెప్పాడు.

“యుద్ధం ముగిసిన ఏడు ఆయనకు ఎనిమిదేళ్ళట, అక్కయ్యా. బియ్యం దొరకని రోజులు. పొద్దునా దుంపే, రాత్రీ దుంపే. దుంప అయిపోతే దాని తీగలు. మళ్ళీ జన్మలో తినకూడదనుకున్నారట. అప్పటినుంచీ ముట్టుకోలేదట.”

ఆ మాట ఆయన ఒక్కడిదే కాదు. ఆ తరంవారిలో చాలామంది దుంప ముట్టరని తరువాత తెలిసింది. యుద్ధకాలంలో బడి ఆటస్థలాలు కూడా దున్ని దుంపలు నాటారు. యుద్ధం అయిన తరువాత టోక్యోలో పార్లమెంటు భవనం ముందు నేల కూడా దుంపల తోట అయింది. అప్పుడు నాటినవి రుచికోసం పెంచిన రకాలు కావు. త్వరగా, లావుగా వూరే రకాలు. నీళ్ళోడుతూ, చప్పగా వుండేవి. వాటినయినా కుమ్ములో పెట్టి గంటసేపు కాచుకునేందుకు కట్టెలు ఎక్కడివి? ఓపిక ఎక్కడిది? ఆకలితో ఏడ్చే పిల్లలను ఎదురుగా పెట్టుకుని మూత తీయకుండా వుండగల తల్లి ఎక్కడ వుంటుంది?

పళ్ళెం బల్లమీదే వుండిపోయింది. మాటలు వేరే సంగతులమీదికి వెళ్ళాయి. కాసేపటికి పెద్దాయన తనంతట తానే పళ్ళెం దగ్గరికి జరుపుకున్నాడు. మధ్యముక్కలు తీసుకోలేదు. సన్నగా తోకలా వున్న కొస ఒకటి తీసుకున్నాడు. అందరికంటె ఎక్కువ కాలినది, పీచుగా వుండేది అదే. “అది బాగుండదు, ఇది తీసుకోండి,” అని మరదలు మధ్యముక్క అందించబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, నెమ్మదిగా చెప్పాడు. మా తమ్ముడు ఆ మాట మాకు చెప్పడానికి ఒక్క క్షణం ఆగాడు.

“వాళ్ళమ్మ మధ్యముక్కలు పిల్లలకు పెట్టి కొసలు తాను తినేదట. కొసలే రుచి అని చెప్పేదట. నిజమో కాదో ఇన్నాళ్ళూ చూడలేదు అంటున్నారు.”

ఆయన ఆ కొసను చాలాసేపు నమిలాడు. ఏమీ అనలేదు. తరువాత రెండో కొస కూడా తీసుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఆయన భార్య, నిమ్మకాయ ముందు పిండాలా తరువాత పిండాలా అని అడిగి కాగితంమీద రాసుకున్నది.

మన దేశంలోనూ ఈ దుంపను పేదవాడి తిండి అని చిన్నచూపు చూసేవారున్నారు. అంబలికి కూడా నోచని రోజుల్లో దీన్ని వుడకబెట్టుకుని పూట గడుపుకున్న ఇళ్ళు మన పల్లెల్లో లేకపోలేదు. వాటిలో పెరిగినవారు ఇవాళ దీన్ని చూసి మొగం తిప్పుకుంటే తప్పు పట్టవలసింది లేదు. కాని కరువులో తిన్న దుంపా, తీరికలో కాల్చిన దుంపా ఒకటి కాదు. ఆకలికి ఆగే తీరిక వుండదు. ఆ తీరిక ఇప్పుడు మన ఇళ్ళలో వున్నది గనుక, ఈ దుంపకు దక్కవలసిన మర్యాద ఇప్పుడైనా దక్కించవచ్చును.

చేసే పద్ధతి చెబుతాను. లావు దుంపలు వద్దు. పిడికిట్లో ఇమిడేవి, పొడుగాటివి, ఇంచుమించు ఒకే సైజువి ఏరుకోండి. పుచ్చు, నల్లమచ్చ వున్నవి తీసివేయండి. అప్పుడే తవ్వినవాటికంటె రెండు మూడు వారాలు నిలవవున్నవి తియ్యగా వుంటాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. చలికి దుంప చెడుతుంది. గంపలో, గాలి తగిలేచోట వుంచండి. తొక్క తీయకుండా మట్టి కడిగి, తడి పూర్తిగా ఆరనివ్వండి.

ఓవెను వున్నవారు ముందుగా వేడిచేయనక్కరలేదు. చల్లని ఓవెనులోనే దుంపలు పెట్టి 160 డిగ్రీలకు తిప్పి, గంటన్నర వదిలేయండి. గ్యాసుపొయ్యి మాత్రమే వున్నవారు అడుగు మందంగా వున్న ఇనుప మూకుడులో శుభ్రమైన ముతక ఇసుక రెండంగుళాలు పోయండి. జపానులో వీధి బండ్లవాళ్ళు వేడి గులకరాళ్ళలో కాలుస్తారు. మనకు పేలాలు వేపే మంగలమూ, ఇసుకా తరతరాలుగా అలవాటే గదా. ఇసుకైనా, రాళ్ళైనా బాగా ఎండినవి కావాలి. తడి రాయి వేడికి పగిలి చిమ్ముతుంది. ఇసుకలో దుంపలు సగం పూడ్చి, మూత బిగించి, మంట బాగా తగ్గించి, గంటంపావు వుంచండి. మధ్యలో ఒక్కసారి తిప్పితే చాలు. కాలిందో లేదో చూడడానికి చాకు అక్కరలేదు. గుడ్డతో పట్టుకుని నొక్కితే పండిన మామిడిపండులా లొంగాలి.

దించిన తరువాత పది నిమిషాలు ఆగి, ఇసుక దులిపి, చేత్తో రెండుగా విరవండి. చాకుతో కోస్తే మొగం నున్నగా వుంటుంది గాని ఆ పొరపొరల అందం రాదు. వేడిమీద నెయ్యి, ఉప్పు, మిరియాల పొడి వేసి, వడ్డించే ముందు నిమ్మరసం పిండండి. ముందే పిండితే వేడికి కమ్మదనం పోతుంది. చారన్నంలోకి, పెరుగన్నంలోకి ఇంత మంచి నంజుడు మరొకటి లేదు. శివరాత్రి ఉపవాసం విడిచేవారు మిరియాలు మాని, కొబ్బరికోరు వేసుకోవచ్చును. చుట్టాలు వచ్చినప్పుడు పళ్ళెం మధ్యలో పెట్టి చూడండి. ఇది ఏమి వంటకం అని అడగనివారు వుండరు.

ఇంట్లో పిల్లలు వుంటే మాత్రం ఒక జాగ్రత్త. వాసన మొదలైన తరువాత, ‘అయిందా, అయిందా’ అని పొయ్యి చుట్టూ తిరుగుతారు. మీరు మూత తీయకండి.